మాఖని పీటకంచం

పొద్దున్నే నిమ్మతొక్కూ పొయ్యి బూడిదా కలిపి ఇంటిల్లిపాది కంచాలూ తోమడం మాఖని పని. అస్సాంలో కంచుపనికి పేరుపడ్డ సార్థేబారీలో కంచరివాళ్ళ ఇల్లు కదా, నీళ్ళ చెంబు దగ్గర్నుంచి వక్కల పళ్ళెం దాకా అంతా కంచే. పెద్దవాళ్ళకీ చుట్టాలకీ అడుగున పీట ఉన్న కంచం, మిగతావాళ్ళకి నేలకి ఆనే చదును కంచం. ఎవరి కంచం అందరికన్నా ఎత్తో వాళ్ళే తొలిముద్ద తినాలి. వాళ్ళు లేచేదాకా పంక్తిలో ఎవరూ లేవకూడదు. ఆ ఎత్తు కంచం ఎప్పుడూ కొలిమికి పెద్దయినవాడిది. ఇప్పుడు కొలిమికి పెద్ద, మాఖని మొగుడి అన్న ధనేశ్వర్.

మొగుడు పోయిన నెలకి మాఖని కంచానికి కూడా పీట మొలిచింది. అత్త బొగీతరా అది తీసేసి సత్తు పళ్ళెం పెట్టింది. సత్తుకీ మొలిచింది. తర్వాత స్టీలు, పింగాణీ, ఆఖరికి అరిటాకు. ఏది వేసినా కింద కంచు పీటే, నెలకో వేలెడు చొప్పున. ధనేశ్వర్ రెండుసార్లు రంపంతో కోసి చూశాడు. మళ్ళీ వచ్చింది.

"పోనీలే, ఎక్కువ వంగకుండా వడ్డించొచ్చు. నా నడుముకి సుఖం" అనేసింది అత్త.

మాఖని అడిగిందల్లా ఒక్కటే. కొలిమిలో మొగుడు కూర్చున్న చోటు, అతని సుత్తి. ఆడది సుత్తి పట్టుకుంటే కంచు పగులుతుందన్నాడు ధనేశ్వర్. తమ్ముడి భార్యతో నేరుగా మాట్లాడకూడదు గనక ఆ మాట కూడా తల్లితోనే అన్నాడు. ఊరుకోకుండా, మీ చెల్లెల్ని తీసుకుపొమ్మని మాఖని అన్న పూర్ణకాంత్‌కి కబురు పెట్టాడు. మాఖనికి ఒళ్ళు మండిపోయింది.

అన్న మధ్యాహ్నానికల్లా ఆటో మాట్లాడుకుని దిగాడు. భోజనాలయ్యాక ప్రయాణమన్నారు. మగవాళ్ళు వరసగా కూర్చున్నారు, మాఖని తలుపు వార కూర్చుంది. అత్త అన్నం పెడుతుండగానే అరిటాకు కింద పీట లేవడం మొదలుపెట్టింది. అన్న కంచాన్ని దాటింది. ధనేశ్వర్ తాతల నాటి కంచాన్ని కూడా రెండు వేళ్ళు దాటి ఆగింది.

ధనేశ్వర్ కలుపుతున్న ముద్ద వదిలేశాడు. మరదలంటే లెక్కలేదు గానీ పద్ధతంటే ప్రాణం ఆ మనిషికి.

"అమ్మా, తినమను."

"అత్తయ్యా, ఆకలి లేదని చెప్పండి."

"కొలిమి రాజేసి వచ్చాం, నిప్పులు ఆరిపోతాయని చెప్పు."

"ఆరనివ్వమని చెప్పండి."

"నేనేమన్నా టెలిఫోను తీగనా? మీలో మీరు ఏడవండి!" అని బొగీతరా గరిటె పడేసి బయటికి పోయింది.

చేపల పులుసు చల్లారింది. పప్పు మీద పొర కట్టింది.

"ఒక్క ముద్ద తినవే తల్లీ. పొద్దున టీ నీళ్ళు తాగి బయల్దేరానే" అన్నాడు పూర్ణకాంత్.

"నన్ను మూటగట్టుకుపోదామనే కదా వచ్చావు? పస్తుండు."

అతను కడుపు పట్టుకుని ధనేశ్వర్ వైపు తిరిగాడు. "ఆ సుత్తేదో ఇచ్చేస్తే పోలా బావగారూ?"

ధనేశ్వర్ తలుపు వైపు తిరిగి, ఇన్నేళ్ళలో మొట్టమొదటిసారి మరదలితో నేరుగా మాట్లాడాడు.

"మాఖనీ, తినమ్మా. రేపట్నించి కొలిమికి రా."

"ఉత్త మాటలొద్దు బావగారూ. సుత్తి నా పక్కన ఉండాలి. ఇప్పుడే."

"ఇదిగో" అంటూ బొగీతరా లోపలికొచ్చింది. ఆడవాళ్ళు తొక్కని కొలిమి గడప తొక్కి, చిన్నకొడుకు సుత్తి భుజాన వేసుకొచ్చింది. "బరువేం లేదురా. ఇన్నాళ్ళూ మగాళ్ళంతా ఊరికే మూలిగేవాళ్ళు!" అని దాన్ని కోడలి పక్కన పెట్టింది. పెట్టాక కళ్ళు తుడుచుకుంది.

మాఖని ఎడమచేత్తో సుత్తి ఒళ్ళోకి లాక్కుని, కుడిచేత్తో తొలిముద్ద తింది. చేతులన్నీ ఒక్కసారిగా కంచాల్లో పడ్డాయి. గబగబా తినేసి, ఎంగిలి చేతులు ఆరిపోతుంటే, ఆమె లేస్తుందేమోనని అందరూ అలా చూస్తూ కూర్చున్నారు.

మాఖని ఆకు మీద ఆఖరి మెతుకు ఏరుకుని తింది.

"అత్తయ్యా, మారు వడ్డించండి" అంది.