ఓబళప్ప నెత్తుటి బొట్టు

గాజుపలకను వెలుతురుకు ఎత్తి చూసి, ఓబళప్ప దాన్ని మళ్ళీ కుళాయి కింద పెట్టాడు. అంచున సబ్బు మిగిలిందని అనుమానం. సబ్బు మిగిలితే కణాలు గాజును పట్టుకోవని, ఈ ప్రయోగశాలలో చేరిన కొత్తలో ఎవరో చెప్పారు. ఏ కణాలో, ఎందుకు పట్టుకోవాలో ఆయన అడగలేదు. నీళ్ళలో నాని నాని వేళ్ళు ముడతలు పడ్డాయి, గోళ్ళు అరిగాయి. ఇంట్లోనూ ఇదే పిచ్చి. భార్య పాపక్క తోమిన గ్లాసును వెలుతురుకు పట్టి చూసి, ఆవిడ చేత తిట్లు తినేవాడు.

ఈ రోజుతో ఉద్యోగం ముగుస్తుంది. రేపటి నుంచి హొసకోటెలో ఇంటిపట్టునే. ఇన్నేళ్ళూ ఎందుకు కడిగాడో చూడకుండానే వెళ్ళిపోవాలా అని పొద్దుటి నుంచి మనసు పీకుతోంది. పరిశోధన చేసే పల్లవి గాజుపలకల కోసం రాగానే, సిగ్గు విడిచి అడిగేశాడు.

"వీట్లో ఏం చూస్తారో నాకూ ఒకతూరి చూపిస్తారామ్మా?"

పల్లవి నవ్వి, ఆయన వేలినే పొడిచి నెత్తుటి బొట్టు తీసింది. గాజుపలక అంచున ఆయన పేరు రాసింది. బొట్టును దాని మీద వేసి, బ్యాక్టీరియా వదిలి, సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టింది.

ఓబళప్ప కన్ను ఆనించాడు. తెల్ల రక్తకణం ఒకటి గాజును పట్టుకుని పాకుతోంది. దాని ముందు గింజంత బ్యాక్టీరియా. అది పక్కకు జారితే ఇదీ తిరిగింది. ఒళ్ళు సాచి, రెండు వైపులా చుట్టి, గుటుక్కున లోపలికి లాగేసుకుంది.

"ఎవురు చెప్పినారమ్మా దానికి?"

"ఎవురూ చెప్పలేదప్పా. వాసన పట్టుకోని పోయినట్ల పోతాది."

"ఇదంతా నాలోనే ఉండాదా?"

"మీరు నిద్రపోయినా పని చేస్తానే ఉంటాయి."

"మింగినాక?"

"లోపలే అరిగించేస్తాది. ఆమీద ఆ కణమూ చచ్చిపోతాది. పుండులో చీము చూసుంటారు గదా, అందులో ఉండేది ఇవే."

ఓబళప్ప రెండు చేతులూ జోడించాడు. దేవుడికో, ఆ కణానికో ఆయనకే తెలియలేదు. తను కడిగిన గాజు మీదే అది కాలు మోపిందని తలచుకుంటే కళ్ళు చెమర్చాయి.

సాయంత్రం పల్లవి పలకలన్నీ క్రిములు చచ్చే మందునీళ్ళలో ముంచి, కడగడానికి పంపింది. ఓబళప్ప ఒక్కొక్కటే కడిగి ఆరబెట్టాడు. తన పేరున్నది చేతిలోకి వచ్చింది. కుళాయి తిప్పాడు. పలకను వెలుతురుకు ఎత్తి చూసి, కట్టేశాడు.

ఏప్రను కొక్కేనికి తగిలించి, ఎవరికీ చెప్పకుండా బస్టాపు వైపు నడిచాడు.

తొట్టి గట్టు మీద ఆ గాజుపలక, మధ్యలో మసక మరకతో, కడగకుండానే ఉండిపోయింది.