ఫిర్యాదులు రాని ఏడాది

ఏడాదిగా ఒక్క ఫిర్యాదూ రాలేదని సబ్బుల కంపెనీ పెద్దలు ఉత్తరాల విభాగాన్ని మూసేయాలనుకున్నారు. అక్కడ పద్దెనిమిదేళ్లుగా ఉత్తరాలు చదువుతున్న ఆవిడను అందరూ అక్కయ్య అంటారు. మూసివేత కాగితం మీద డైరెక్టరు సంతకం పెట్టే ముందు, మేనేజర్ల సమావేశానికి మాటవరసకు ఆవిడనూ పిలిచారు.

“జనానికి మన మీద కోపం పోయింది, సంతోషమేగా అక్కయ్యా?” అన్నాడు డైరెక్టరు.

“మనం బాగుపడతామన్న ఆశ ఉన్నన్నాళ్లూ తిట్టారు సార్. పాత ఫిర్యాదుల మీది చిరునామాలు వెతికి ముప్పైమందితో మాట్లాడాను. అందరూ వేరే సబ్బు కొంటున్నారు.”

“అమ్మకాలు తగ్గింది వానల వల్లనమ్మా!” అని మేనేజర్లు నవ్వారు.

“సరే బాబూ, మీ ఇళ్లల్లో మన సబ్బు వాడేవాళ్లు చెయ్యెత్తండి.”

ఒక్క చెయ్యీ లేవలేదు. డైరెక్టరు తన చేతివంక చూసుకుని, కలానికి మూత పెట్టేశాడు. ఉత్తరాల విభాగం ఉండిపోయింది.