నెంబోయి మా బస్తీ మనిషి

బెంగాల్ ఓడరేవు పక్క గార్డెన్ రీచ్ బస్తీలో, కొళాయి దగ్గర నెంబోయి బిందెను హల్దార్ మనిషి కాలితో తన్నాడు. ఆమె ఎత్తుకోబోతే జుట్టు పట్టి లాగాడు. "చీనాదానికి ఇక్కడ నీళ్ళు లేవు," అన్నాడు. బడికి పోతున్న లిల్లీ టీచరు కళ్ళారా చూసింది.

మణిపూర్‌లో ఇల్లు తగలబడితే కూతురితో వచ్చి, పక్కనున్న మెటియాబ్రుజ్‌లో కుట్టుపనికి కుదిరిన మనిషి నెంబోయి. బస్తీలో గదులన్నీ హల్దార్‌వి. రేవులో కూలీలను పెట్టేదీ తీసేదీ అతనే. అందుకే కొళాయి దగ్గరున్న ఆడవాళ్ళు తలలు దించుకున్నారు. లిల్లీ కూడా తల తిప్పుకుని బడికి పోయింది.

ఆవేళ క్లాసులో నెంబోయి కూతురి పక్కన ఎవరూ కూర్చోలేదు. "చీనా, చీనా" అని ఏడిపించారు. లిల్లీ వాళ్ళను ఆపి, ఆ పిల్లను తన కుర్చీలో కూర్చోబెట్టింది. సాయంత్రం ప్రిన్సిపాల్ పిలిచాడు.

"మిగతా పిల్లల తల్లిదండ్రులు ఊరుకోవడం లేదు. ఆ అమ్మాయిని పంపించేద్దాం."

"ఏడిపించినవాళ్ళను ఉంచి, ఏడ్చినదాన్ని పంపిస్తారా సార్?"

"మీరు లెక్కలు చెప్పండి, చాలు."

చాలదంది లిల్లీ. ఆమె ఉద్యోగం పోయింది.

చర్చి హాల్లో మణిపూర్ నుంచి కొత్తగా వచ్చినవాళ్ళకు బెంగాలీ నేర్పడం మొదలుపెట్టింది. నెంబోయికి తోడు నిలవమని అడగడానికి ఒకరోజు బస్తీవాళ్ళనూ అక్కడికే పిలిచింది. రేవు కూలీ వెంకటేశు లేచాడు.

"ఆల్లకోసం హల్దార్ నా పని ఆపేస్తే నువ్వు పెడతావేటి టీచరమ్మా?"

"పెట్టలేను వెంకటేశూ. నువ్వొక్కడివైతే ఆపేస్తాడు. రేవంతా పని మానేస్తే ఎవర్ని ఆపుతాడు?"

రేవులో ఊడ్చే అప్పలలక్ష్మి గొంతు సవరించుకుంది.

"మాయమ్మ సీకాకులం నుంచి వొచ్చినప్పుడు మద్రాసీలంటా మనల్నీ ఇలగే తరిమీసినారు. నల్లగున్నామని నవ్వినారు. ఒక్కడూ అడ్డం రాలేదు. ఇప్పుడు మనమూ అలగే సూస్తా కూకోవాలేటి?"

మర్నాడు బస్తీ అంతా నెంబోయితో కలిసి నీళ్ళకు కదిలింది. హల్దార్ మనుషులు దగ్గరకు రాలేదు. మధ్యాహ్నం పోలీసులొచ్చారు. బర్మా నుంచి దొంగదారిన వచ్చిందని నెంబోయి మీద ఫిర్యాదట. ఆమె ఆధార్ కార్డు చూపిస్తే చూడలేదు, చెంప మీద కొట్టారు. అడ్డుపడిన లిల్లీనీ జీపులోకి తోశారు.

ఠాణాలో అధికారి అడిగాడు. "ఆవిడ నీకేమవుతుంది?"

"మా బస్తీ మనిషి."

లాకప్పులో నెంబోయి పెదవి చిట్లి రక్తం కారుతోంది. లిల్లీ చెంగుతో అద్దింది.

"దీదీ, నా పిల్ల?"

"అప్పలలక్ష్మి దగ్గరుంది. భయపడకు."

కానిస్టేబులు పరుగున వచ్చాడు. "సార్, ఠాణా ముందు రేవు రోడ్డు మీద కూర్చున్నారు. లారీలు కదలడం లేదు."

"ఎవరు? ఆ చీనావాళ్ళా?"

"అందరూ సార్. తెలుగువాళ్ళు, బీహారీలు, మెటియాబ్రుజ్ దర్జీలు. కూలీలు పని వదిలేసి వచ్చారు."

అధికారి లాఠీ అందుకున్నాడు. తలలు పగులుతాయని లిల్లీకి తెలుసు. ఊచలు పట్టుకుని నిలబడింది. బయట వెంకటేశు గొంతు అందరికంటే ముందు వినిపించింది.

"ఆ ఇద్దర్నీ వొదలండి. లేదంటే మమ్మల్నందర్నీ పట్టుకోండి."

లాఠీల చప్పుడు మొదలైంది. వెంకటేశు గొంతు మాట మధ్యలో తెగిపోయింది. ఆ మాటను వెనకున్నవాళ్ళు అందుకున్నారు.