పిట్ట గది కొలత

ఇంటి విలువ ఎంతుంటుందో ఫోనులో చూసుకోవడానికి రెండు నిమిషాలు పట్టింది. గదులెన్ని, కట్టి ఎన్నేళ్లయింది, ఉండేదెందరు అని అడిగింది సైటు. ఆమె "ముగ్గురు" అని కొట్టి, నాలుక కరుచుకుని "ఇద్దరు" అని దిద్దింది. కూతురు పోయి రెండేళ్లయినా వేళ్లకి ఆ సంగతి ఇంకా ఎక్కలేదు.

"మనిషొచ్చి కొలిచి కాగితం ఇస్తే చాలు, కొనేవాళ్లు రేపే సంతకం పెడతారట. ఈ ఇంట్లో నాకు ఊపిరాడట్లేదే" అన్నాడు భర్త, పనికి వెళ్తూ. పాప గది ముందు నుంచి నడవలేక ఆయన పెరటి గుమ్మం నుంచే తిరుగుతున్నాడు. ఆమె సరేనంది గానీ ప్రాణం ఒప్పలేదు. ఆ గదిని వదిలితే పిల్లను రెండోసారి సాగనంపినట్టే.

మధ్యాహ్నం విలువ కట్టే ఆయన వచ్చాడు. నోటికి తాళం లేని మనిషి.

"ఈ లేజరొచ్చాక సుఖమమ్మా! గోడకి ఆనించి మీట నొక్కితే ఎదురుగోడ మీద ఎర్రచుక్క పడుతుంది. టేపు రెండో కొస పట్టుకోవడానికి ఎవరినీ బతిమాలక్కర్లేదు."

హాలూ వంటిల్లూ చకచకా కొలిచి చివరికి పాప గదిలోకి వెళ్లాడు. మంచం ఎప్పుడో ఇచ్చేశారు. గది ఖాళీ.

"పన్నెండడుగుల గది, ఏడంటోందేంటి?" బ్యాటరీ మార్చాడు. మళ్లీ ఏడే. అవతలి గోడ నుంచి కొడితే నాలుగున్నర.

రెండూ కలిపితే పదకొండున్నర. మధ్యలో అరడుగు తక్కువ. అప్పుడు చూశాడాయన, ఎర్రచుక్క ఎదురుగోడ మీద లేదు. గది మధ్యలో, దేనిమీదా కాకుండా, గాల్లో నిలబడి ఉంది. గబుక్కున రెండడుగులు వెనక్కి వేశాడు.

ఆమెకి భయం వెయ్యలేదు. సిగ్గు విడిచి చెప్పాలంటే, ఆశ పుట్టింది. స్టూలు తెచ్చి ఆ చుక్క పక్కన వేసింది.

"పైకప్పు నుంచి కిందికి ఒక్కసారి కొట్టండి సార్, మీకు పుణ్యముంటుంది."

ఆయన స్టూలెక్కి కొట్టాడు. పదడుగుల ఎత్తు గది. ఆరడుగుల మూడంగుళాలు చూపించింది.

పదిలోంచి తీసేస్తే మూడడుగుల తొమ్మిదంగుళాలు.

తలుపు చట్రం మీద పెన్సిలు గీతలున్నాయి. క్లాసులో అందరికంటే పొట్టిదని పాపని పిట్ట అనేవారు. ప్రతి ఆదివారం అక్కడ నిలబడి "పెరిగానా అమ్మా?" అని ప్రాణం తీసేది. ఆఖరి గీత మూడడుగుల నాలుగు దగ్గర ఆగిపోయింది.

కొలిచే ఆయన సంచీ సర్దుకుంటూ "గది పన్నెండని రాసేస్తానమ్మా" అని గొణిగి, చెప్పులు చేత్తో పట్టుకునే వీధిలో పడ్డాడు.

ఆమె పెన్సిలు వెతికి తెచ్చి, చట్రం మీద కొత్త గీత గీసింది. గీస్తుంటే వెనకాల నేలమీద చిన్న చప్పుడైంది, ఎవరో మడమలెత్తి దించినట్టు.

ఫోను మోగింది. "కొలిచాడా? కాగితమిచ్చాడా?" భర్త ఆత్రంగా అడిగాడు.

"ఇల్లు అమ్మొద్దండీ" అంది. కొత్త గీత మీద వేలు ఆనించింది. "పిట్ట ఐదంగుళాలు పెరిగింది."