పన్నెండో సెకను

మా ఇంట్లో పెద్దకోడలి హోదా అత్తగారి రేడియోది. మధ్యాహ్నం ఒంటిగంటకి అది మోగాల్సిందే, దాని ఎదురుగా మా ఆయన కంచం ముందు కూర్చోవాల్సిందే, నేను నిలబడి వడ్డించాల్సిందే. పన్నెండేళ్ళుగా ఇదే వరస. అదే రేడియో స్టేషన్‌లో మూడు నెలల శిక్షణకి నన్ను తీసుకున్నారని చెప్పిన రోజు ఆయన తాపీగా ముద్ద మింగి, "నీ గొంతు వినడానికి నాకే ఓపిక లేదు, ఊరందరికీ ఉంటుందా?" అన్నాడు. అత్తగారు నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఏమవుతుందో కిందటేడు తలుపు సందులో నలిగిన నా వేళ్ళకి బాగా తెలుసు.

స్టేషన్‌లో మాకు పాఠాలు చెప్పే ప్రొడ్యూసర్‌ని అందరం ఎర్రలైటు మేడం అంటాం. స్టూడియో గుమ్మం మీద ఎర్రలైటు వెలిగిందంటే ఆవిడ ముందు దగ్గడానికి కూడా ఎవరికీ ధైర్యం చాలదు. మొదటివారం నాచేత వార్తలు చదివించి, "నీ గొంతు తొణకదమ్మాయ్. ఎక్కడ నేర్చుకున్నావ్?" అని అడిగారు. ఆ ఒక్క మాటకి పిచ్చిదానిలా పొంగిపోయాను. దారంతా నాలో నేనే నవ్వుకుంటూ ఇంటికి వెళ్ళాను. ఆవిడే ఇంకో సంగతి కూడా చెప్పారు. రేడియోలో ఆరు సెకన్లు ఏమీ వినపడకపోతే వినేవాళ్ళు వేరే స్టేషన్‌కి పోతారట, ఏదో ఒకటి మాట్లాడి ఆ ఖాళీ పూడ్చెయ్యాలట. అది నాకు కొత్త పాఠమేమీ కాదు.

తరవాత ఒక పని ఇచ్చారు. ఏ గదికి ఆ గది నిశ్శబ్దం వేరుగా ఉంటుంది, మాటల్ని కత్తిరించి అతికేటప్పుడు మధ్యలో పెట్టడానికి అదే పనికొస్తుంది, కాబట్టి ఎవరింట్లో వాళ్ళు ఒక్క నిమిషం నిశ్శబ్దం రికార్డు చేసి తెమ్మన్నారు. మా ఇంట్లో నిమిషం నిశ్శబ్దం ఎక్కడ దొరుకుతుంది? ఆదివారం ఆయన సగం భోజనంలో ఉండగా, మాటల్లేకుండా నముల్తున్నాడు కదా అని, రికార్డరు నొక్కి డబ్బాల వెనక పెట్టి రేడియో కట్టేశాను.

"అమ్మ రేడియో ఎందుకు ఆపావ్?"

"ఒక్క నిమిషం నిశ్శబ్దం కావాలండీ. రికార్డు చెయ్యాలి."

"నిశ్శబ్దం కావాలా నీకు?" అంటూ లేచాడు. ఎంగిలి చేత్తోనే కొట్టాడు, ఎడమ చెవి మీద. తరవాత జుట్టు పట్టుకుని తల గోడకేసి రెండుసార్లు బాదాడు. చెవిలో మెతుకులు, చెవి లోపల ఈలమోత. అత్తగారు కుర్చీలోంచి కదలకుండానే అన్నారు, "చెవి మీద కొట్టకురా. రేపు పిలిస్తే పలకదు."

సోమవారం స్టూడియోలో మేడం చెప్పిన మూడు సూచనలు అందుకోలేకపోయాను. మాకు అద్దం అవతలి నుంచి మేడం చెప్పేది ఎడమ చెవిలోనూ, ప్రసారమయ్యేది కుడి చెవిలోనూ వినపడతాయి. నా ఎడమ చెవికి ఈల తప్ప ఏమీ అందడం లేదు. నాలుగోసారి హెడ్‌ఫోన్ తిరగేసి పెట్టుకున్నాను. నా గొంతు నాకు వినపడకపోతేనేం, అది అలవాటే. మేడం లోపలికొచ్చి, తిరగేసిన హెడ్‌ఫోన్ చూసి, చెవికేమైందని అడిగారు. నీళ్ళు పోయాయన్నాను. ఆవిడ నమ్మలేదు. డాక్టరుకి చూపించుకోమని, గురువారం ఒంటిగంటకి నేరుగా ప్రసారమయ్యే పరీక్ష కార్యక్రమంలోనూ ఇలాగే సూచనలు తప్పితే మైకు ఇవ్వలేనని చెప్పి వెళ్ళిపోయారు.

ఆ మధ్యాహ్నం ఎడిటింగ్ గదిలో, పనికొచ్చే నిమిషం దొరుకుతుందేమోనని ఆదివారం రికార్డింగు తెరిచాను. కంప్యూటరు తెర మీద శబ్దమంతా సన్నటి గీత, దాని మధ్యలో మేకులా నిలబడ్డ ఒక దెబ్బ. పన్నెండేళ్ళుగా తింటున్నాను గాని దాన్ని కళ్ళతో చూడటం అదే మొదలు. పక్కన ఇంకో రెండు, పొట్టివి. గోడవి. ఆ తరవాత అత్తగారి మాట. తరవాత పదకొండు సెకన్లు ఫ్యాను చప్పుడు. పన్నెండో సెకనులో నా గొంతు. స్పష్టంగా, మెత్తగా, ఒక్క అక్షరం తొణక్కుండా, "ఇంకొంచెం వడ్డించనా?"

అలా అన్నట్టు నాకు గుర్తే లేదు. మళ్ళీ విన్నాను. మేడం మెచ్చుకున్న గొంతు అదే. ఎక్కడ నేర్చుకున్నానో అప్పుడు తెలిసింది. సిగ్గుతో ఒళ్ళు మండిపోయింది. తన్నులు తిన్నందుకు కాదు, వడ్డించినందుకు. నాకు కోపం రాదని అందరూ అంటారు, నేనూ అదే నమ్మాను. ఆ గదిలో కుర్చీ ఎత్తి అద్దానికేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు. కూర్చుని, ఆ రికార్డింగులోంచి ఒక్కటంటే ఒక్క మాట కత్తిరించాను.

బుధవారం మేడం మొత్తం విన్నారు. హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టి, "ఇది ఒకసారి బయటికి వెళ్తే వెనక్కి రాదమ్మాయ్" అన్నారు.

"నేనూ వెనక్కి వెళ్ళను మేడం."

మర్నాడు పరీక్షకి బయల్దేరుతుంటే ఆయన గుమ్మానికి చెయ్యి అడ్డం పెట్టాడు. వెళ్తే రెండో చెవి కూడా పగలగొడతానన్నాడు. వంట చేసిపెట్టాననీ, ఒంటిగంటకి అత్తయ్యగారు రేడియో పెడతారు కదా, వినమనీ చెప్పాను. చెయ్యి కిందుగా వంగి బయటికొచ్చాను. భుజాన సంచిలో నాలుగు జతల బట్టలు, నా సర్టిఫికెట్లు, డాక్టరు రాసిచ్చిన కాగితం ఉన్నాయి.

ఒంటిగంటకి ఎర్రలైటు వెలిగింది. హెడ్‌ఫోన్ తిరగేసి పెట్టుకున్నాను. ఒక ఇంట్లోని నిశ్శబ్దం వినిపిస్తానని చెప్పి రికార్డింగు వదిలాను. కంచం చప్పుడు, రేడియో ఎందుకు ఆపావని ఆయన అడగడం, నా జవాబు, దెబ్బ, గోడ, అత్తగారి మాట. తరవాత ఫ్యాను చప్పుడు. ఎదురుగా గడియారంలో ఆరు సెకన్లు దాటాయి. మంచి చెవిలో మేడం ఊపిరి వినపడింది, మాట్లాడమని మాత్రం ఆవిడ అనలేదు. తొమ్మిది. పది. పదకొండు.

మైకు దగ్గరికి జరిగాను. ఈసారి గొంతు వణికింది. వణకనిచ్చాను.

"ఆ దెబ్బ తిన్నది నేనే. కొట్టినాయన ఇప్పుడు ఈ రేడియో ఎదురుగా కంచం ముందు కూర్చుని ఉంటాడు. ఏమండీ, గిన్నెలు పొయ్యి పక్కన ఉన్నాయి. మీరే వడ్డించుకోండి."