వడియాల చీరకు నాలుగు రాళ్ళు

ఎనభై ఆరు జులైలో ఒక శనివారం, పొద్దున పది కాకముందే నోవైలో శశికళ ఇంటి వెనక చెక్క డెక్ మీద తెలుగు ఆడవాళ్ళు చేరి పాత చీర పరిచేశారు. మిషిగన్‌లో ఎండ కాసే ఆ నాలుగు రోజుల్లోనే ఏడాదికి సరిపడా సగ్గుబియ్యం వడియాలు పెట్టుకోవాలి మరి.

నర్సు లూసీ అందరికన్నా ఆలస్యంగా, బ్యాగ్ బరువుకి కుడిభుజం వాలిపోయి వచ్చింది. నరసాపురం పిల్ల, ఆదివారం తెలుగు చర్చిలో పాటలు పాడే మనిషి. ఆమె హ్యాండ్‌బ్యాగ్ అందుకోబోయిన శశికళ చెయ్యి కాస్తా నేలకు దిగింది.

అందులో పదకొండు రాళ్ళు. ఆ ఊళ్ళో అది మామూలే. ఎవరైనా మనవాళ్ళని చూసి, నుదుటి బొట్టుని వెక్కిరిస్తూ "డాట్‌హెడ్" అని విసిరితే ఆ మాట రాయై కాళ్ళ దగ్గర పడుతుంది. అన్నవాడు వెనక్కి చూడడు, పడ్డవాళ్ళే ఏరుకోవాలి. చెత్తబుట్టలో వేసినా తెల్లారేసరికి గుమ్మంలో ఉంటుంది. లూసీవన్నీ ఆసుపత్రిలో హారిస్ అనే ముసలి రోగి ఇచ్చినవే, మందు వేసినప్పుడల్లా ఒకటి. ఉద్యోగమంటే ప్రాణం ఆమెకు, అయినా ఇక మోయలేక రాజీనామా ఉత్తరం రాసి బ్యాగ్‌లో పెట్టుకుంది. సాయంత్రం డ్యూటీలో ఇచ్చేద్దామని.

చీర ఎగిరిపోకుండా నాలుగు రాళ్ళు తీసి నాలుగు మూలలా పెట్టి, మిగతావి పక్కన పోశారు. రాధారాణి గరిటె ఆపకుండానే అడిగింది.

"మాకంటే బొట్టుంది. నువ్వసలు బొట్టే పెట్టవు కదా, నిన్నెలా అన్నాడే డాట్‌హెడ్ అని?"

అందరూ పడీ పడీ నవ్వారు. లూసీకి ముందు ఏడుపొచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. ఇక అదే పిలుపు. ఒసే డాట్‌హెడ్, ఉప్పు చూడు. ఒసే డాట్‌హెడ్, ఆ మూల ఖాళీగా వదిలేశావు. పిలిచినకొద్దీ రాళ్ళు మరమరాల్లా తేలికైపోయి, గాలికి చీర లేవడం మొదలెట్టింది. వంటింట్లోంచి పప్పు డబ్బాలు తెచ్చి పెట్టుకోవలసి వచ్చింది.

నవ్వులు విని పక్కింటి కేరల్ కంచె దగ్గరికొచ్చింది. మంచు పడితే వీళ్ళ వాకిలి కూడా ఊడ్చిపెట్టే మంచి మనిషి. సరదాగా "హాయ్ డాట్‌హెడ్స్" అని చెయ్యూపింది. కాళ్ళ దగ్గరున్న పిండి గిన్నెలో రాయి దభీమని పడి అందరి మొహాలూ తడిపింది.

లూసీ దాన్ని కడిగి తీసుకెళ్ళి కేరల్ చేతిలో పెట్టింది. మీరు పిలుచుకుంటుంటేనే కదా నేనన్నానని కేరల్ గొణిగింది.

"మేం అనుకుంటే ఇంత బరువుండదు కేరల్. నువ్వే చూడు," అంది లూసీ.

కేరల్ చూసింది. మొహం ఎర్రబడింది. సారీ చెప్పి, రాయిని రెండు చేతులా మోసుకుంటూ ఇంటికి పోయింది. సాయంత్రం దాకా చూశారు, అది తిరిగి రాలేదు.

ఆ సాయంత్రం మాత్ర ఇస్తుంటే హారిస్ అలవాటుగా ఆ మాటే అన్నాడు. లూసీ వంగి రాయి తీసి, ఆయన అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది. చెయ్యి దుప్పట్లోకి దిగబడింది.

"ఇది నేనన్నదేనా?" అన్నాడు ముసలాయన.

"మీరన్నదే. ఇలాంటివే ఇంకో పదకొండు."

"అవి కూడా ఇచ్చెయ్."

"అక్కర్లేదు. వాటి సంగతి మావాళ్ళు చూసుకున్నారు," అని లూసీ ఆయనకు నీళ్ళు అందించింది.

బ్రేక్‌లో శశికళ వేయించి ఇచ్చిన నిరుటి వడియాలు తిందామంటే ప్లేటు దొరకలేదు. లూసీ బ్యాగ్‌లోంచి రాజీనామా ఉత్తరం తీసి, బల్ల మీద పరిచి, వడియాలు దానిమీద పోసుకుంది.