అందరూ ఆరే పెట్టారు

అధికారి కుర్చీ చూపించాడు కానీ కూర్చోమనలేదు. టీచరమ్మ నిలబడే ఉంది. బల్ల మీద జవాబు కాగితాలు పేకముక్కల్లా పరిచి ఉన్నాయి. ప్రతి కాగితం మీదా ఒకే చోట ఎర్రసిరా గీత.

"పదిహేడో ప్రశ్న గుర్తుందా అమ్మా?"

"ప్రశ్నపత్రం మేం చదవకూడదు కదండీ."

"చదవకూడదు. చదవలేదనే అందరూ అంటారు." పత్రం ఆమె వైపు తిప్పాడు. ఒక స్కేలు బొమ్మ, దాని వారగా పడుకోబెట్టిన మేకు. మేకు పొడవెంత అని ప్రశ్న. మేకు సున్నా దగ్గర మొదలై ఏడు దగ్గర ఆగింది.

"రాష్ట్రం మొత్తానికీ ఇదే అన్నిటికన్నా తేలిక ప్రశ్న. మీరు కాపలా ఉన్న గదిలో మాత్రం ఒక్కరంటే ఒక్కరు ఏడు పెట్టలేదు. ముందు బెంచీ నుంచి వెనక బెంచీ దాకా అందరూ ఆరే పెట్టారు. తప్పు ఎవరైనా చేస్తారు. కూడబలుక్కున్నట్టు ఒకే తప్పు చేయరు. ఎవరో చెప్పారు."

"చెప్పేవాళ్ళు తప్పు జవాబు ఎందుకు చెబుతారండీ?"

"నేనూ అదే అడుగుతున్నా."

ఐదో తరగతికి రాష్ట్రమంతటా ఒకేరోజు పెట్టే పరీక్ష అది. ఎవరి పిల్లల దగ్గర వాళ్ళనే ఉంచితే నోరు ఊరుకోదని ఒక బడి టీచర్లను ఇంకో బడికి పంపుతారు. అలా వెళ్ళింది ఆమె. సీలు తనే విప్పింది. సూచనలు పైకి చదివింది. బెంచీల మధ్య తిరిగి తిరిగి కాళ్ళు పీకాయి. ఒక్కరు కూడా పక్కకి చూడలేదు. ఆ సంగతి అప్పుడు ఎంత ముచ్చటగా అనిపించిందో ఇప్పుడు అంత అనుమానంగా అనిపించింది.

"కిటికీ బయట ఎవరైనా తిరిగారా?"

ఆమె తటపటాయించింది. అధికారి కళ్ళు అది పట్టేశాయి.

"ఆ క్లాసు మాస్టారు తిరిగాడు కదూ?"

"మంచినీళ్ళ కుండ దగ్గరికి వెళ్ళారండీ. రెండుసార్లు."

"ఏమైనా అన్నాడా?"

"గొణిగారు."

గొణగడం ఆయనకి కొత్త కాదు. రోడ్డు మీద నడుస్తూ గొణుగుతాడు, సంతకం పెడుతూ గొణుగుతాడు. అసలు పేరు జీతం వచ్చే రోజున తప్ప ఎవరికీ గుర్తుండదు. చుట్టుపక్కల బళ్ళన్నిటికీ ఆయన గొణుగుడు మాస్టారే.

"ఏమని గొణిగాడు?"

"వినపడలేదు."

అధికారి కాగితాలు పోగుచేసి రబ్బరు బ్యాండు వేశాడు. "వినపడిందని రాసిస్తే మీరు సాక్షి. వినపడలేదంటే ఇక మిగిలేది మీరే. గదిలో రెండో మనిషి లేడు కదా. సోమవారం ఆ బడికే వస్తాను, మీరూ రండి. ఈలోగా జ్ఞాపకం తెచ్చుకోండి. ఉద్యోగం పోయాక జ్ఞాపకం వచ్చి లాభం లేదు."

భర్త పనిచేసే కార్ఖానా మూతపడ్డ దగ్గర్నుంచి ఇంట్లో పొయ్యి వెలిగేది ఆమె ఉద్యోగంతోనే. ఇంటికొచ్చి అత్తగారికి జరిగింది చెప్పింది. అత్తగారు కత్తిపీట ముందు నుంచి లేవలేదు.

"నువ్వు కునుకు తీసుంటావు."

"లేదత్తయ్యా. నిలబడే ఉన్నాను."

"నిలబడితే నిద్ర రాదా? మీ మామయ్య సైకిలు తొక్కుతూ నిద్రపోయేవాడు. నాతో దాపరికం ఎందుకే, నేనేం నీ ఉద్యోగం పీకుతానా?"

"నిజంగా తీయలేదు."

"అయితే ఆ గొణుగుడాయనే. రాసిచ్చెయ్. ఆయన మనకేమైనా చుట్టమా?" వంకాయ రెండుగా కోసి లోపల పురుగుందేమోనని వెలుతురుకి పట్టి చూసింది. "నోట్లో నోట్లో మాట్లాడుకునేవాణ్ణి నేనెప్పుడూ నమ్మలేదు. చెప్పేదుంటే పైకి చెప్పాలి."

రాసివ్వడం నిజంగా తేలికే. కిటికీ దగ్గర ఆ పెదాలు కదలడం ఆమె కళ్ళారా చూసింది. 'ఆరు' అన్నాడని అనుకుంటే అన్నట్టే ఉంది. ఆ పెదాలను ఎన్నిసార్లు తలచుకుంటే అన్నిసార్లు 'ఆరు' అనే అంటున్నాయి. అదే ఆమెకు నచ్చలేదు. తనకి పనికొచ్చే జ్ఞాపకం అంత చక్కగా వస్తుంటే దాన్నీ అనుమానించాలనిపించింది.

శుక్రవారం సగం పూట సెలవు పెట్టి ఆ బడికి వెళ్ళింది. చెప్పకుండా వెళ్ళింది. గేటు వైపు నుంచి వెళ్తే కబురు ముందు పోతుందని పంపు వెనకనుంచి వెళ్ళింది. గొణుగుడు మాస్టారు వరండాలో టిఫిన్ డబ్బా కడుక్కుంటున్నాడు. ఆమెను చూసి డబ్బా బోర్లించి లేచి నిలబడ్డాడు. రమ్మనలేదు.

"మిమ్మల్ని ఒకమాట అడగాలి మాస్టారూ."

"నేనూ మిమ్మల్ని అడగాలనే ఉన్నాను. మా పిల్లల మీద మీకేం కక్ష టీచర్ గారూ?"

"కక్షేమిటి?"

"మీ బడికీ మా బడికీ ర్యాంకులో పోటీ. తెలిసిందేగా. మా వాళ్ళ చేత ఆరు పెట్టించారు."

ఆమెకు నవ్వొచ్చింది, ఒళ్ళూ మండింది. "నేను చెప్పానా? కిటికీ దగ్గర గొణిగింది ఎవరు?"

"నేనా? ఏం గొణిగాను?"

"అది మీరే చెప్పాలి."

"నేనేం గొణుగుతానో నాకే తెలీదు. మా ఆవిడ కాపురానికొచ్చిన దగ్గర్నుంచి అడుగుతోంది, ఆవిడకే చెప్పలేకపోయాను."

ఆయన అబద్ధం ఆడుతున్నట్టు లేదు. తను ఆడుతున్నట్టు ఆయనకి ఇంకా అనిపిస్తున్నట్టే ఉంది. "మీ ముందే పిల్లల్ని అడుగుతాను" అంది. "అడగండి. కానీ మీరు అడిగేది నేను వినాలి" అన్నాడు.

గదిలో పిల్లలు భోజనాలు చేసి అరుస్తున్నారు. రెండు జడల పిల్లను ఆమె పిలిచింది. పరీక్షలో అందరికన్నా ముందు ముగించిన పిల్ల కాబట్టి గుర్తుంది. మేకు బొమ్మ బోర్డు మీద గీసి, కింద సున్నా నుంచి అంకెలు వేసింది.

"ఎంత పొడవు?"

"ఆరు టీచర్."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. ఏడు దగ్గర ఆగింది. ఒకటి తీసేశాను."

"ఒకటి ఎందుకు తీశావు?"

ఆ పిల్ల ఆమెను జాలిగా చూసింది. "తీసెయ్యాలిగా."

"మరి మొదట్లో సున్నా ఉంది కదమ్మా?"

"సున్నా అంటే ఏమీ లేదుగా టీచర్."

వెనక ఏదో కిందపడ్డ చప్పుడైంది. గొణుగుడు మాస్టారి చేతిలోని సుద్దముక్క. ఆయన మూలకి నడిచి, గోడకు చేరేసిన పొడుగు కొలత కర్రను తెచ్చాడు. దాని మొదలు విరిగిపోయి ఉంది. విరిగిన చోట ఉలితో నున్నగా చెక్కారు. కర్ర ఒకటి దగ్గర మొదలవుతోంది.

"బీరువా తలుపులో పడి విరిగింది," అన్నాడు మెల్లగా. "చివర ఏ అంకె వస్తే దాంట్లోంచి ఒకటి తీసెయ్యమని చెప్పాను. బల్లలు, తలుపులు, కిటికీలు, అన్నీ దీంతోనే కొలిపించాను."

"వాళ్ళ దగ్గర చిన్న స్కేళ్ళు లేవా?"

"గీతలు గీసుకుంటారు. వాటితో కొలవమని నేనెప్పుడూ అనలేదు."

ఆమె ఇంటికి బయలుదేరింది. దారిపొడుగునా తనలో తనే నవ్వుకుంది. అధికారి వస్తాడు, బొమ్మ వేస్తాడు, పిల్లలంతా ఆరంటారు, అంతే. ఇంట్లో చెబితే అత్తగారు మాత్రం, "ఇంత అందంగా కుదిరిందంటే ఎక్కడో తిరకాసుంది" అంది.

సోమవారం అధికారి బడికి వచ్చి, ఆమె చెప్పిందంతా విన్నాడు. విరిగిన కర్రను వేలితో తడిమాడు. తర్వాత పిల్లల వైపు తిరిగి బోర్డు మీద తనే స్కేలు గీశాడు, సున్నా నుంచి. పైన ఒక పుల్ల వేశాడు, ఐదు దాకా.

"ఎంత?"

"ఐదు" అంది గదంతా ఒక్క గొంతుతో.

ఇంకోటి గీశాడు. ఎనిమిది దాకా.

"ఎనిమిది."

టీచరమ్మ గొణుగుడు మాస్టారి వైపు చూసింది. ఆయన పిల్లల్ని చూస్తున్నాడు. పైగా సంతోషంగా చూస్తున్నాడు.

"ఏం చేశారు మాస్టారూ?" అంది గొంతు తగ్గించి.

"శుక్రవారం మీరు వెళ్ళగానే కూర్చోబెట్టి దిద్దాను. రెండు రోజులు తప్పుతో ఎలా వదిలేస్తాను?"

"ఈయన వస్తాడని తెలిసి కూడానా?"

ఆయన పెదాలు కదిలాయి. ఏమన్నాడో వినపడలేదు. కావాలనే చేశాడా? తనని ఇరికించడానికి ఇంతకన్నా మంచి ఉపాయం ఉందా? లేక నిజంగానే పాఠం తప్ప ఇంకేదీ తలకెక్కని మనిషా? ఆ ముఖంలో వెతికితే రెండూ కనిపించేట్టున్నాయి.

అధికారి చేతికంటిన సుద్ద దులుపుకున్నాడు. "కథ బాగుందమ్మా. కర్ర కూడా బాగుంది. విరిచినవాళ్ళు చెక్కడం కూడా బాగానే చెక్కారు. పిల్లలకి మాత్రం కొలవడం వచ్చు. శుక్రవారమే దిద్దారంటే నేనెలా నమ్మను?" కాగితం, పెన్ను ఆమె ముందుకు జరిపాడు. "కిటికీ దగ్గర ఏం వినపడిందో రాయండి."

ఆమె పెన్ను తీసుకుంది. గొణుగుడు మాస్టారు చూశాడు కానీ ఏమీ అనలేదు. బతిమాలి ఉంటే రాసేదేమో. పెన్ను కాగితం మీద ఆనించి ఆలోచిస్తూ ఆ కర్ర వైపు చూసింది. చెక్కిన చోట చెక్క నల్లబడి, పిల్లల చేతుల జిడ్డుతో మెరుస్తోంది. నిన్నా మొన్నా చెక్కింది అంత నలుపెక్కదు.

"ఇది ఎప్పుడు విరిగింది మాస్టారూ?"

"నేనొచ్చిన రెండో ఏడు."

"కొత్తది అడగలేదా?" అన్నాడు అధికారి మధ్యలో.

"అడిగానండీ. తర్వాత అలవాటైపోయింది."

"మరి పోయినేడు పిల్లలు?" అంది ఆమె. "అంతకుముందు వాళ్ళు? వాళ్ళని దిద్దలేదు కదా మీరు."

గొణుగుడు మాస్టారు కిటికీలోంచి రోడ్డు వైపు చూశాడు. "రోడ్డవతల హైస్కూల్లో ఉన్నారు," అన్నాడు. "ఆరు, ఏడు, ఎనిమిది..." తర్వాత మాట గొణుగుడులో కలిసిపోయింది.

అధికారి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "మీరు ఆ హైస్కూలుకి వెళ్ళారా, ఈ మధ్య?"

"లేదండీ."

"ఎవరితోనైనా కబురు పంపారా?"

"ఇప్పుడే తట్టిందండీ నాకు," అంది టీచరమ్మ.

"ఫోన్లు బల్ల మీద పెట్టండి. ఇద్దరూ నా ముందు నడవండి."

దొంగల్ని తీసుకెళ్ళినట్టు రోడ్డు దాటించాడు. హైస్కూల్లో ఆరో తరగతికి లెక్కల పాఠం నడుస్తోంది. లెక్కల సారు పక్కకి తప్పుకున్నాడు. అధికారి సంచీలోంచి తెల్లకాగితం తీసి తనే ముక్కలు చించి పంచాడు. వీళ్ళిద్దరినీ పిల్లలకి కనపడకుండా తలుపు బయట నిలబెట్టాడు. "పెదాలు కదపొద్దు" అన్నాడు గొణుగుడు మాస్టారితో. ఆయన అరచేత్తో నోరు మూసుకున్నాడు.

బోర్డు మీద స్కేలు, సున్నా నుంచి. పుల్ల తొమ్మిది దాకా. పొడవు రాయమన్నాడు, ఐదో తరగతి ఏ బళ్ళో చదివారో కిందే రాయమన్నాడు. చీటీలు పోగుచేసుకుని బల్ల మీద రెండు కుప్పలుగా పెట్టడం మొదలుపెట్టాడు. తలుపు సందులోంచి ఆమెకు అతని చెయ్యి మాత్రమే కనిపించింది. ఒక కుప్ప, ఇంకో కుప్ప. మధ్యలో చెయ్యి ఆగింది.

"విరిగిన కర్ర బడి నుంచి వచ్చి తొమ్మిది రాసిందెవరు?"

ఒక పిల్లాడు బెదురుతూ లేచాడు. "నేనే సార్. మా నాన్న వడ్రంగి సార్."

అధికారి మొదటిసారి నవ్వాడు. ఆ ఒక్కడు తప్ప ఆ బడి నుంచి వచ్చిన పిల్లలంతా ఎనిమిది రాశారు. మిగతా బళ్ళ వాళ్ళు తొమ్మిది రాశారు.

"మీరు ఈ ఏడంతా వీళ్ళకి లెక్కలు చెబుతున్నారు కదా?" అని లెక్కల సారును అడిగాడు.

"ఏదో తొందరలో తప్పు చేస్తున్నారనుకున్నానండీ," అన్నాడు ఆయన బోర్డు చూస్తూ.

వరండాలో గట్టు మీద కూర్చుని అధికారి రాశాడు. గదిలో ఎవరూ జవాబు చెప్పలేదనీ, కాపలా టీచరు తప్పేమీ లేదనీ. సంతకం పెట్టి ఆమెకిచ్చాడు. ఆమె రెండుసార్లు చదివింది. చివరి పంక్తికీ సంతకానికీ మధ్య ఇంకేదైనా రాయడానికి చోటు మిగిల్చాడా అని కూడా చూసింది. మిగల్చలేదు.

గొణుగుడు మాస్టారు ఆ కాగితం వైపే చూడలేదు. "ఏడో తరగతి, ఎనిమిదో తరగతి కూడా ఉన్నారండీ," అన్నాడు. "ఒక్క అరగంట ఇప్పిస్తే..."

"వెళ్ళండి. మీ సంగతి తర్వాత రాస్తాను."

ఆయన పరుగులాంటి నడకతో వెళ్ళాడు. కాసేపటికి పక్క గదిలోంచి ఆయన గొంతు వినపడింది. ప్రతి మాటా విడివిడిగా, బయటికి వినపడేంత గట్టిగా ఉంది.

అధికారి సంచీ సర్దుకుంటూ, "మీ బళ్ళో కొలత కర్ర ఎలా ఉందమ్మా?" అన్నాడు.

బాగానే ఉందండీ అనబోయింది. నోరు తెరిచింది కూడా. రోజూ దాని పక్కనుంచే వెళుతుంది. దాంతో బోర్డు మీద గీతలు గీస్తుంది, కిటికీ రెక్క తోస్తుంది. దాని మొదలు ఎలా ఉంటుందో ఎంత తలచుకున్నా కళ్ళకు కట్టలేదు.

"చూసి చెబుతానండీ" అంది.

అతను ఆమెను ఒక్క క్షణం పరకాయించి చూసి, పెన్ను మళ్ళీ బయటికి తీశాడు.